కోటికూల్ సానరాయి సమీక్ష: మీగడ రంగు మాసిపోతే తప్పు వెలుతురుదా, మనదా?

పెట్టె తెరవగానే కనిపించేది రెండు రంగుల రాయి. పైన మీగడ రంగు, కింద ఊదా కలిసిన నీలం. పొడవు 150 మిల్లీమీటర్లు, వెడల్పు 50. మంగలి కత్తికి ఆఖరి పదును పెట్టడానికీ, వంటింటి కత్తిని చివరగా నూరడానికీ వాడే బెల్జియం కోటికూల్ ఇది. దీని గురించి ఎవరైనా ముందు అడగాల్సింది పదును గురించి. కానీ అడిగేది రంగు గురించి. "కొన్నప్పుడు మీగడలా ఉంది. కిటికీ పక్కన పెడితే ఆరు నెలలకి బిస్కెట్ రంగుకి తిరిగింది. వెలుతురుకి వెలిసిపోతుందా?"

అడగడంలో తప్పేం లేదు. ఈ రాయి ధరలో అందానికీ వాటా ఉంది. అచ్చంగా ఒకే మీగడ రంగున్న ముక్కకి ఒక రేటు, చారలూ మచ్చలూ ఉన్నదానికి ఇంకో రేటు. పాత రాళ్లు చేతులు మారేటప్పుడైతే ఫొటోలో రంగు చూసే బేరం కుదురుతుంది. అందుకని ముందు రంగు సంగతి తేల్చి, తర్వాత పదునుకి వద్దాం.

ఈ రాయి పుట్టింది బెల్జియంలోని ఆర్డెన్ కొండల్లో, వీల్‌సాల్మ్, లియెర్నూ ఊళ్ల చుట్టుపక్కల. వయసు దాదాపు 48 కోట్ల ఏళ్లు. నీలం పలకరాయి మధ్యలో కొన్ని సెంటీమీటర్ల మందాన పసుపు పొరలుగా దొరుకుతుంది. అక్కడి సాల్మ్‌షాటో అనే ఊళ్లో దీనికోసమే ఒక మ్యూజియం ఉంది. ఇప్పుడు తవ్వి కోసి అమ్ముతున్నది ఆర్డెన్ కోటికూల్ అనే సంస్థ. ఒక్కో పొరకీ గనివాళ్లు పెట్టిన పేరుంది. లా వెనెత్, లా గ్రోస్ జోన్, లా డ్రెసాంత్, ఇలా. సేకరించేవాళ్లు మన బంగినపల్లి, చెరుకు రసాల మాదిరి ఈ పేర్లు వల్లిస్తారు.

రాయిలో పని చేసేది స్పెసార్టీన్ అనే మాంగనీస్ గార్నెట్. రేణువు సైజు దాదాపు 5 నుంచి 15 మైక్రాన్లు. పసుపు రాయి పరిమాణంలో మూడో వంతుకి అటూ ఇటూగా ఈ రేణువులే ఉంటాయి, వాటిని పట్టి ఉంచేది సన్నటి అభ్రకం. కింద నీలం రాయిలో గార్నెట్ వాటా తక్కువ. దాని ఊదా ఛాయ హెమటైట్‌ది, అంటే ఇనుప ఆక్సైడ్‌ది. నవరత్నాల్లోని గోమేధికం కూడా గార్నెట్ కుటుంబపు రాయే. ఉంగరంలో గోమేధికం ఎండకి వెలిసిందని ఫిర్యాదు చేసినవాళ్లని చూశారా? ఇక్కడా అంతే. బట్ట మీద అద్దకం వెలిసేది వెలుతురు ఆ రంగు అణువుల్ని విరగ్గొడుతుంది కాబట్టి. గార్నెట్, అభ్రకం, హెమటైట్‌ల రంగు స్ఫటికంలోని లోహాల నుంచీ, స్ఫటికం కట్టుబడి నుంచీ వస్తుంది. కిటికీలోంచి పడే వెలుతురుకి అది చెదిరేది కాదు.

వెలుతురుకి నిజంగా మారే ఖనిజాలు లేకపోలేదు. మణిశిల అని మనవాళ్లు పిలిచే ఎర్రటి ఆర్సెనిక్ ఖనిజం వెలుగులో ఉంచితే పసుపు పొడిగా రాలుతుంది. అందుకే మ్యూజియాల్లో దాన్ని చీకట్లో దాస్తారు. సానరాళ్లలో అలాంటి సరుకు ఉండదు.

మరి ఆ బిస్కెట్ రంగు ఎక్కడిది? రాయి మీదికీ, రాయి లోపలికీ చేరినవాటిది. వాటిలో కొన్నిటి మీద వెలుతురు పని చేస్తుంది, కొన్నిటి మీద చేయదు. చిక్కంతా అక్కడే.

మొట్టమొదట తడి. తడిగా ఉన్నప్పుడు కోటికూల్ ముదురు తేనె రంగులో నిగనిగలాడుతుంది. ఆరాక సుద్దలా పాలిపోతుంది. పైపొరలోని సన్నటి గరుకుని నీరు నింపితే వెలుగు చెదరడం తగ్గుతుంది, అసలు రంగు పైకి కనిపిస్తుంది. అమ్మేవాళ్లలో చాలామంది తడిపి ఫొటో తీస్తారు. ఇంటికి వచ్చిన రాయి పొడిగా ఉంటుంది కాబట్టి వెలిసినట్టు అనిపిస్తుంది. దీపాల తేడా కూడా తక్కువేం కాదు. పసుపు బల్బు కింద మీగడగా కనిపించినది, తెల్ల ట్యూబ్‌లైట్ కింద బూడిద ఛాయకి తిరుగుతుంది. పక్కన తెల్లకాగితం పెట్టి, పగటి వెలుతురులో, పొడిగా ఒకటీ తడిగా ఒకటీ ఫొటోలు అడిగి తెప్పించుకుంటే సగం అనుమానాలు కొనకముందే తీరిపోతాయి.

రెండోది ఉక్కు. కత్తి నూరుతుంటే రాతి గంధం, అంటే నీళ్లలో కలిసిన రాతిపొడి, మొదట పాలలా ఉంటుంది, క్రమంగా బూడిద రంగుకి వస్తుంది. ఆ బూడిద రంగు కత్తి నుంచి ఊడిన ఉక్కు పొడి. కడగకుండా రాయిని అలాగే వదిలేసి మర్నాడు చూడండి. నీటిబొట్టు ఆరిన చోట అంచు వెంట సన్నటి గోధుమ రంగు ఉంగరం, మధ్యలో లేత పసుపు మరక. కార్బన్ స్టీల్ పొడి రాత్రికి రాత్రి తుప్పు పట్టింది. మంగలి కత్తులు ఎక్కువగా కార్బన్ స్టీలే కాబట్టి ఇది తరచూ జరుగుతుంది. స్టెయిన్‌లెస్ కత్తి మాత్రమే నూరే రాయి మీద తుప్పు కనిపించడం అరుదు, బూడిద మెరుపు మాత్రం దాని మీదా ఉంటుంది. వెంట వచ్చే చిన్న రాయితో నీళ్లు పోసి పదిసార్లు రుద్దితే మరక పోతుంది. పోతే అది పైపైదే. ఈ ఒక్క పరీక్షతోనే ఎక్కువ కేసులు తేలిపోతాయి.

మూడోది నూనె. కిటికీ వెలుతురుని నిజంగా నిందించాల్సింది ఇక్కడే. కోటికూల్‌కి నూనె అక్కర్లేదు, నీళ్లు చాలు. అయినా ఇంట్లో ఏది ఉంటే అది పోసేవాళ్లున్నారు. అవిసె నూనె, పొద్దుతిరుగుడు నూనె, కొంతమేర నువ్వుల నూనె గాలి తగిలి గట్టిపడే రకాలు. వెలుతురు తగిలితే ఆ పని వేగం అందుకుంటుంది. ముందు జిగురవుతాయి, తర్వాత పసుపు, చివరికి గోధుమ రంగు వార్నిష్. రాయి మీద అద్దం వేసినట్టు ఒక పొర కడుతుంది, గార్నెట్ దాని కింద ఉండిపోతుంది, కత్తి జారుతుంది తప్ప కోతపడదు. కొబ్బరి నూనె ఇంతగా రంగు మారదు కానీ దాని తంటా దానికుంది. దాదాపు 24 డిగ్రీల కిందికి దిగితే పేరుకుంటుంది. డిసెంబరు పొద్దున రాయి మీద తెల్లటి మబ్బు కనిపించి, మధ్యాహ్నానికి మాయమైతే కారణం అదే. నూనె తప్పనిసరైన రాళ్లకి రంగూ వాసనా లేని తెల్ల మినరల్ ఆయిల్, మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ పేరుతో దొరికేది వాడండి. అది గట్టిపడదు, పసుపెక్కదు.

నూనె ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. బాగా ఆరిన రాయి మీద ఒక్క నీటిబొట్టు వేయండి. పరుచుకుంటే రాయి శుభ్రం. ముత్యంలా గుండ్రంగా నిలబడితే నూనె ఉన్నట్టు. దూదికి కాస్త అసిటోన్ అద్ది తుడిస్తే దూది పసుపెక్కుతుంది. అసిటోన్ వాడేటప్పుడు స్టవ్ దగ్గర వద్దు, కిటికీ తెరవండి, రెండు రాళ్లని అతికించిన జిగురు గీతకి తగలనివ్వకండి. బాగా ఇంకిన నూనెకి పాత్రలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గంట నానబెట్టి, తోమి, మళ్లీ నానబెట్టడం మంచిది. మరిగే నీళ్లు పోస్తే జిగురు వదులుతుంది, రాయి చీలే ప్రమాదమూ ఉంది.

ఆ జిగురు సంగతి. పసుపు పొర సన్నగా ఉన్న రాళ్లకి వెనక పలకరాయి ముక్కని అతికిస్తారు. ఎపాక్సీ జిగురు ఏదైనా అతినీలలోహిత కిరణాలకి పసుపెక్కుతుంది. పక్క నుంచి చూస్తే రెండు రాళ్ల మధ్య తేనె రంగు గీత కనిపించడం మామూలు, బలానికి వెంటనే లోటేం రాదు. కొండలోనే సహజంగా అంటుకుని వచ్చిన జంటరాళ్లకి ఆ గీత ఉండదు. వాటికి ధర ఎక్కువ. పనిలో తేడా ఉంటుందని మాత్రం డబ్బు పెట్టకండి.

బోరునీళ్ల తెల్ల మరకలు చెప్పనక్కర్లేదు, స్టీలు కుళాయి మీద పట్టేవే ఇక్కడా పడతాయి. రాయిని నీళ్ల డబ్బాలో నానేసి కిటికీలో పెట్టేవాళ్లకి ఇంకో రంగు బహుమతి దొరుకుతుంది, ఆకుపచ్చ. అది నాచు. వెలుతురూ తడీ రెండూ ఉంటేనే వస్తుంది. కోటికూల్‌ని నానబెట్టే అవసరమే లేదు. పైన నీళ్లు చల్లితే చాలు.

మిగతా సహజ రాళ్లతో పోల్చి చూస్తే ఈ లెక్క ఇంకా స్పష్టమవుతుంది. అమెరికాలో వెర్మాంట్ పలకరాళ్లలో సముద్రపు ఆకుపచ్చ అని పేరున్న రకం, ఇంటికప్పు మీద కొన్నేళ్లుంటే లేత గోధుమ, ఇటుక ఛాయలకి తిరుగుతుంది. దాన్ని రంగు మారే పలకగానే అమ్ముతారు, మారనిది వేరే రకం. అక్కడ ఎండ వెలుగు కన్నా ఎక్కువగా పని చేసేది వానా, గాలీ. రాయిలో ఉన్న ఇనుము కలిసిన కార్బనేట్ వాటికి తుప్పు పడుతుంది. కాబట్టి పలకజాతి సానరాయి ఏదైనా గోధుమ రంగుకి తిరిగితే ముందు అందులో ఇనుము ఉందా, ఎంతకాలం తడిలో ఉంది అని చూడాలి. ఎంత వెలుతురు తగిలిందన్నది తర్వాతి మాట.

అమెరికాలోనే ఆర్కాన్సా రాయి ఇంకో పాఠం. అది దాదాపు అచ్చమైన సిలికా. దశాబ్దాలపాటు నూనె, ఉక్కు పొడి తాగిన పాత రాయి నల్లగా బొగ్గులా ఉంటే నల్ల ఆర్కాన్సా అని కొనేవాళ్లున్నారు. కిరోసిన్‌లో రెండు మూడు రోజులు నానేసి తోమితే వెనక దీపం పెడితే వెలుగు పారే తెల్లరాయి లోపలి నుంచి బయటపడిన సందర్భాలున్నాయి. నిజమైన నల్ల రకం కూడా ఉంది, దాని నలుపు రాయిలోదే, ఎంత తోమినా పోదు.

జపాన్ సహజ రాళ్లకి పక్కలన్నీ లక్కలాంటి పూత వేస్తారు, పొరల మధ్యకి నీరు చేరి చీలకుండా. జపాన్ ఉరుషి చెట్టుపాలు గానీ, జీడిమామిడి పిక్కల నూనెతో చేసే లక్క గానీ వాడతారు. రెండు చెట్లూ మామిడి కుటుంబానివే. ఉరుషికి ఎండంటే పడదు. మెరుపు పోయి పొడిబారుతుంది, ఆ తర్వాత నీటిని ఆపలేదు. వెలుతురు దెబ్బతో రాయి నిజంగా పాడయ్యే దారి ఇదొక్కటే, అదీ పూత దారిన.

ఇంత చెప్పాక కూడా నమ్మకం కుదరకపోతే నెల రోజుల పరీక్ష పెట్టుకోండి. పసుపు ముఖాన్ని 325 నంబరు డైమండ్ ప్లేట్ (వజ్రపు పొడి అతికించిన చదునైన పలక) మీద నీళ్లతో కొత్త రాయి తేలేదాకా అరగదీయండి. సబ్బుతో కడిగి, నీడన 48 గంటలు ఆరబెట్టండి. సగభాగానికి అల్యూమినియం రేకు చుట్టండి. నల్లకాగితం వేడి పట్టి లెక్క తప్పిస్తుంది, అది వద్దు. కిటికీలో పెట్టండి. నూరకూడదు, నూనె చేయి తగలకూడదు. నెల తర్వాత రేకు విప్పి, తెల్లకాగితం పక్కన, మబ్బు పట్టిన పగటి వెలుతురులో చూడండి. రెండు సగాల మధ్య గీత కనిపిస్తే, తడి దూదితో తుడవండి, తర్వాత చిన్న రాయితో పదిసార్లు రుద్దండి. ఏ దశలో పోయిందో చూస్తే దుమ్మా, జిడ్డా, ఇంకేమైనానా అన్నది బయటపడుతుంది. ఈ పరీక్షకి కిటికీ గట్టు చాలు, ఎండాకాలం డాబా మీద మాత్రం పెట్టకండి. రెంటచింతల లాంటి చోట గాలే 45 డిగ్రీలు దాటే రోజుల్లో రాయి అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. తడిరాయి ఒక్కసారిగా ఆరితే పలక పొరల వెంట చీలుతుంది, జిగురు వదులుతుంది. రంగు మాట అటుంచి రాయే దక్కదు.

ఇక పదును. ఈ రాయి గొప్పదనం ఏమిటంటే ఒక్క ముఖం మీదే నీళ్ల మోతాదు మార్చుకుంటూ నడుమ పదును నుంచి ఆఖరి పదును దాకా వెళ్లొచ్చు. చిక్కటి గంధంతో వేగంగా కోస్తుంది, ఉత్త నీళ్లతో దాదాపు 8000 గ్రిట్ (ఈ నంబరు పెరిగేకొద్దీ రాయి సన్నం) కృత్రిమ రాయికి సమంగా మెరుగు పెడుతుంది. నీలం వైపు దాదాపు 4000. గార్నెట్ రేణువులు పన్నెండు ముఖాల బంతుల్లాంటివి, ఎక్కువ లోతుగా దిగవు. అందుకే గడ్డం గీసుకునే కత్తికి ఈ పదును చర్మానికి మెత్తగా ఉంటుందని పేరు.

కొత్త రాయి వాడకముందు పెన్సిల్‌తో గళ్లు గీసి, డైమండ్ ప్లేట్ మీద అన్ని గళ్లూ చెరిగేదాకా రుద్ది సమం చేయాలి. నాలుగు అంచుల్నీ 45 డిగ్రీల ఏటవాలుగా ఒక మిల్లీమీటరు దాకా కొట్టేయాలి. ఇది మానేస్తే కత్తి వాదర ఆ అంచుకి తగిలి పంటిగాటు పడుతుంది, మళ్లీ 1000 గ్రిట్ రాయి నుంచి మొదలు పెట్టాలి.

తర్వాత రాయి మీద పది చుక్కల నీళ్లు వేసి, చిన్న రాయితో గంధం తీసినట్టు తిప్పండి. పల్చటి పాలంత చిక్కదనం చాలు, పెరుగంత వద్దు. చిక్కని గంధంలో తేలే రేణువులు వాదరకి ఎదురొచ్చి కొట్టి దాన్ని గుండ్రం చేస్తాయి. గంటసేపు నూరినా పదును రాలేదనేవాళ్ల తప్పు చాలావరకు ఇదే. ముంజేతి వెంట్రుకలు తెగేదాకా ఈ గంధంతో అటూ ఇటూ సాగించి, తర్వాత రెండు మూడు చుక్కల నీళ్లు కలపండి, ఇరవై ముప్పై సార్లు సాగించండి, మళ్లీ రెండు చుక్కలు. ఇలా పది పన్నెండు విడతలు. తొందరపడి ఒక్కసారే కడిగేస్తే కత్తి నడుమ పదును దగ్గరే ఆగిపోతుంది, ఉత్త నీళ్లకి దాన్ని ముందుకి తీసుకెళ్లే వేగం లేదు. ఫ్యాను కింద కూర్చోవద్దు, గంధం మీకు తెలియకుండా ఆరి చిక్కబడుతుంది. చివర రాయి కడిగి, కుళాయి నీళ్లతో, చేతి బరువు కూడా వేయకుండా యాభై సార్లు. ఆపైన తోలుపట్టీ.

వంటింటి కత్తికి ఇంత తతంగం వద్దు. 1000 రాయి తర్వాత, పక్కకి 15 నుంచి 17 డిగ్రీల కోణంలో, పల్చటి గంధంతో రెండు వైపులా ముప్పయ్యేసి సార్లు. టొమాటో తొక్కని పట్టే పదును మిగులుతుంది. వెనేడియం ఎక్కువున్న పౌడర్ స్టీల్ కత్తులకి మాత్రం ఈ రాయి దండగ. ఆ ఉక్కులోని కార్బైడ్లు అనే గట్టి రేణువులు గార్నెట్ కన్నా చాలా గట్టివి, చుట్టూ ఉన్న ఉక్కు అరుగుతుంది తప్ప అవి కోతపడవు. వాటికి డైమండే.

రంగుకీ కోతకీ ఉన్న నిజమైన లింకు ఇక్కడ ఒకటుంది. రాయి మీద బూడిద మెరుపు నిలిచిపోయిందంటే రేణువుల మధ్య ఉక్కు పొడి నిండిందని అర్థం. వేగం తగ్గుతుంది. మీగడ రంగు తేలేదాకా డైమండ్ ప్లేట్‌తో రెండు నిమిషాలు రుద్దితే మళ్లీ కొత్తదే. లేత పసుపుదానికన్నా ముదురుది బాగా కోస్తుందనో, తక్కువ కోస్తుందనో రంగు చూసి చెప్పడం కుదరదు. ఒకే పొరలోంచి వచ్చిన రెండు ముక్కలే వేర్వేరు వేగంతో కోస్తాయి.

కొనేటప్పుడు సెలెక్ట్, స్టాండర్డ్ అని రెండు రకాలు కనిపిస్తాయి. తేడా చూపులకే. నల్లటి మాంగనీస్ గీతలు, ఎర్రటి చుక్కలు ఉంటే స్టాండర్డ్‌లో పడుతుంది. గోరు దాని మీద అడ్డంగా నడిపి చూడండి, గోరుకి తట్టనిది మచ్చ, తట్టేది పగులు. మచ్చకి భయపడక్కర్లేదు, పగులుంటే వెనక్కి పంపండి. వంకరటింకర ఆకారంలో వచ్చే, ‘బూ’ (bout) అని పిలిచే ముక్కలు ఇంకా చవక, అదే పదును. మంగలి కత్తికి 40 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. వంటింటి కత్తి కూడా నూరతారంటే 50 గానీ 60 గానీ తీసుకోండి. విదేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం విడిగా లెక్కేసుకోవాలి, రాయి బరువు కాబట్టి తపాలా ఖర్చూ గట్టిగానే ఉంటుంది.

నూరాక కుళాయి కింద కడిగి, గుడ్డతో ఒత్తి, పక్క మీద నిలబెట్టి నీడన ఒక రాత్రి ఆరనివ్వండి. తడిరాయిని చెక్కపెట్టెలో మూయొద్దు. చెక్కలోని టానిన్, రాయి మీద మిగిలిన ఇనుము కలిస్తే పాతకాలపు సిరా తయారవుతుంది, ఆ నీలినలుపు మరక మూల వెంట దిగితే ప్లేట్ మీద చాలాసేపు అరగదీయాలి. ఆరిన రాయి అల్మారాలో ఉందా, అటక మీద ఉందా, కిటికీలో ఉందా అన్నది మీ ఇష్టం.